ఇంటి పనుల కాంట్రాక్టర్ రిజిస్ట్రేషన్, బీమా సరిచూసుకోవడం ఎలా?

వంటగది మార్పించాలన్నా, పైకప్పు బాగుచేయించాలన్నా ఇంటిని కొన్ని వారాలపాటు బయటివారి చేతుల్లో పెట్టక తప్పదు. కాంట్రాక్టర్ చూపించే కాగితాలు అసలైనవో కావో అడ్వాన్సు ఇవ్వకముందే తేల్చుకోవాలి. డబ్బు చేతులు మారాక నిజం తెలిసినా చేయగలిగింది తక్కువ.

మొదట అతని పూర్తి పేరు, సంస్థ పేరు, కార్యాలయ చిరునామా, రిజిస్ట్రేషన్ నంబరు రాతపూర్వకంగా తీసుకోండి. ఫోన్ నంబరు తప్ప మరేదీ ఇవ్వనివారితో మాటలు అక్కడితో ముగించడం మేలు. తర్వాత ఆ నంబరును సంబంధిత ప్రభుత్వ శాఖ వెబ్‌సైట్‌లో మీరే వెతకండి. అతను పంపిన లింకును మాత్రం నమ్మవద్దు. గడువు ముగిసిందా, ఫిర్యాదులేమైనా నమోదయ్యాయా అని చూడడంతో పాటు పేరును అక్షరం అక్షరం పోల్చండి. ఎందుకంటే రిజిస్ట్రేషన్ రద్దయిన సంస్థ పేరు చివర ఒక మాట చేర్చి మళ్లీ బోర్డు పెట్టడం ఈ రంగంలో పాత ఎత్తుగడే. రిజిస్ట్రేషన్, లైసెన్సు ఒకటి కావని కూడా గుర్తుంచుకోవాలి. చాలాచోట్ల రిజిస్ట్రేషన్ అంటే వివరాలు ప్రభుత్వం దగ్గర నమోదైనట్టే తప్ప, పనితనాన్ని పరీక్షించినట్టు కాదు. విద్యుత్తు, ప్లంబింగ్ పనులకు విడిగా లైసెన్సు అవసరమేమో కనుక్కోండి.

ఎక్కువ మంది మోసపోయేది బీమా దగ్గర అని నా అభిప్రాయం. అడగవలసినవి రెండు: పనివల్ల మీ ఆస్తికో ఇతరులకో నష్టం జరిగితే చెల్లించేది ఒకటి, పనివాళ్లు గాయపడితే చెల్లించేది మరొకటి. గొట్టం పగిలి కింది ఇంటి సీలింగ్ తడిస్తే మొదటిది, పరంజా మీది నుంచి కూలీ జారిపడితే రెండవది అక్కరకొస్తాయి. పని నాసిరకంగా ఉంటే తిరిగి చేయించే ఖర్చును మాత్రం సాధారణంగా ఈ రెండూ ఇవ్వవు.

బీమా సర్టిఫికెట్ అది జారీ అయిన రోజు పరిస్థితినే చెబుతుంది. మర్నాడు ప్రీమియం కట్టక పాలసీ రద్దయినా కాగితం చెక్కుచెదరదు, తేదీలు దిద్దిన జిరాక్సు కాపీ సంగతి సరేసరి. కాబట్టి సర్టిఫికెట్‌ను బీమా కంపెనీయే నేరుగా మీకు పంపేలా అడగండి. ఆ కంపెనీ నంబరును కాగితం మీద నుంచి కాక మీరే విడిగా వెతికి పట్టుకుని, పాలసీ ప్రస్తుతం అమల్లో ఉందా, ఎంత మొత్తం వరకు వర్తిస్తుంది, మీరు చేయించే పని మినహాయింపుల్లో ఉందా అని విచారించండి. పైకప్పు పనిని మినహాయించే పాలసీలు ఉంటాయి. అతను పనిని సబ్ కాంట్రాక్టర్లకు అప్పగిస్తే వారి బీమా కూడా చూడాలి. పని మధ్యలో గడువు తీరే పాలసీ అయితే, పునరుద్ధరించిన పత్రం అందాకే తర్వాతి వాయిదా చెల్లిస్తామని ముందే చెప్పండి.

రిజిస్ట్రేషన్, బీమా పాలసీల నంబర్లన్నీ ఒప్పంద పత్రంలో రాయించి, డబ్బును దశలవారీగా, రిజిస్టరైన పేరున్న ఖాతాకే పంపండి. "ఈ రోజే సంతకం పెడితే తగ్గిస్తాను" అన్నవారికి తొందర ఎందుకో ఆలోచించండి. చివరి వాయిదాకు ముందు, సామాను ఇచ్చినవారికీ సబ్ కాంట్రాక్టర్లకూ డబ్బు ముట్టినట్టు రసీదులు తీసుకోవాలి, ఎందుకంటే వారి బాకీ తీరకపోతే మీ ఇంటిమీదే హక్కు కోరే వీలును కొన్ని దేశాల చట్టాలు కల్పిస్తున్నాయి.