తెలుగు వెబ్‌సైట్ గూగుల్‌లో పైకి రావాలంటే ముందు ఏం చూసుకోవాలి

సైట్ పెట్టి నెలలు గడిచినా గూగుల్‌లో ఎక్కడా కనిపించకపోతే చాలామంది ముందు చేసే పని, వారంలో ఫస్ట్ పేజీకి తెస్తామనే ప్యాకేజీ ఒకటి కొనడం. దయచేసి ఆ డబ్బు దాచుకోండి. తెలుగు సైట్లలో చిక్కు చాలాసార్లు మొదట్లోనే ఉంటుంది, మనం రాసింది గూగుల్‌కి చదవడానికి దొరకదు, దొరికినా జనం అడిగినదానికి అందులో సూటిగా జవాబుండదు.

కాబట్టి ముందు దొరుకుతోందో లేదో చూడండి. గూగుల్ సెర్చ్ కన్సోల్ అని సైట్ ఓనర్ల కోసం గూగుల్ ఇచ్చే టూల్ ఉంది, అది ఉచితం, సైట్ మీదేనని అక్కడ నిరూపించుకుని, పైనున్న యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్ పెట్టెలో మీ పేజీ అడ్రస్ వేస్తే అది ఇండెక్స్‌లో, అంటే గూగుల్ వెతికే పేజీల జాబితాలో ఉందో లేదో చెప్పేస్తుంది. లేదని వస్తే, వర్డ్‌ప్రెస్‌తో సైట్ నడిపేవాళ్లు సెట్టింగ్స్‌లో రీడింగ్ అనే చోటికి వెళ్లి, సెర్చ్ ఇంజిన్లను రావద్దని చెప్పే టిక్ ఉంటే తీసేయండి. సైట్ తయారుచేసేటప్పుడు పెట్టి మర్చిపోయేది ఇదే. ఇంకోటి మన భాషకే ప్రత్యేకం. డీటీపీలో అను ఫాంట్లతో టైప్ చేసిన మేటర్ యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ అక్షరాలుగా గుర్తుపట్టే పద్ధతి) కాదు, దాన్ని అలాగే పేస్ట్ చేస్తే గూగుల్‌కి అర్థం లేని అక్షరాలే కనిపిస్తాయి, ముందు యూనికోడ్‌లోకి కన్వర్ట్ చేసి, ఒత్తులూ దీర్ఘాలూ సరిచూసుకుని అప్పుడు పెట్టండి. పత్రికలో వచ్చిన వ్యాసాన్ని ఫొటో తీసి పెట్టి ఊరుకోవడం కూడా వద్దు. ఫొటోలోని అక్షరాలను నమ్ముకోకుండా ఆ వ్యాసాన్ని టైప్ చేసి పెట్టండి.

ఇప్పుడు అసలు పని. సెర్చ్ కన్సోల్‌లో పెర్ఫార్మెన్స్ రిపోర్ట్ తెరిచి, ఏయే మాటలు వెతికినప్పుడు మీ పేజీ కనిపించిందో, సగటున ఎన్నో స్థానంలో ఉందో చూడండి. నా ఉద్దేశంలో ఎనిమిది నుంచి ఇరవై మధ్య ఉన్న పేజీల మీదే ముందు కష్టపడాలి, అవి గుమ్మం దాకా వచ్చి ఆగిన చుట్టాల్లాంటివి. డెబ్బయ్యో స్థానంలో ఉన్నదాన్ని ప్రస్తుతానికి వదిలేయండి.

ఉదాహరణకి మీది వంటల సైట్, ఆవకాయ మీద ఒక పేజీ ఉంది అనుకుందాం. రిపోర్ట్‌లో "ఆవకాయ కొలతలు", "కిలో ముక్కలకు కారం ఎంత" లాంటివి కనిపిస్తున్నాయి, మీ పేజీ మాత్రం ఆవకాయ గొప్పదనంతో మొదలై నాలుగు పేరాల తర్వాత గానీ కొలతల దగ్గరికి రాదు. వెతికే మనిషి అప్పటికే ముక్కలు కొట్టించుకుని కూర్చున్నారు! ముక్కలు, కారం, ఆవపిండి, ఉప్పు, నూనె ఎంతెంతో మొదటి స్క్రీన్‌లోనే పట్టికగా పెట్టండి, కింద విడిగా హెడ్డింగులు ఇచ్చి బూజు ఎందుకు పడుతుంది, ఉప్పు తగ్గితే ఏం చేయాలి అన్న వాళ్ల ప్రశ్నలకే జవాబులు రాయండి. మీరు స్వయంగా పట్టి చూసిన కొలతలు, మీ వంటింట్లో తీసిన ఫొటోలు ఉంటే ఇంకా మంచిది, ఎందుకంటే వేరే సైట్ నుంచి తిప్పి రాసిన పేజీలో అవి ఉండవు.

టైటిల్‌లో కూడా వాళ్ల మాటే ఉండాలి. "అమ్మమ్మ చేతి కమ్మదనం" చదవడానికి బాగుంటుంది కానీ అలా ఎవరూ వెతకరు, "ఆవకాయ కొలతలతో: కిలో ముక్కలకు" అని పెట్టండి. మనవాళ్లలో చాలామంది తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేస్తారు కాబట్టి ఆ స్పెల్లింగ్‌ని పేజీలో ఒకటి రెండు చోట్ల సహజంగా వాడండి, అంతకు మించి కుక్కొద్దు. పేజీ అడ్రస్ మాత్రం చిన్నగా, ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటేనే సుఖం, తెలుగులో పెడితే వాట్సాప్‌లో పంపేటప్పుడు పర్సెంట్ గుర్తులతో చాంతాడంత అవుతుంది. మెటా కీవర్డ్స్ (పేజీ కోడ్‌లో పాఠకుడికి కనిపించకుండా పెట్టే మాటలు) గురించి టెన్షన్ పడకండి, వాటిని ర్యాంకింగ్‌కి వాడట్లేదని గూగుల్ 2009లోనే చెప్పింది.

స్పీడ్ సంగతి తక్కువలో చెప్తాను. పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అనే గూగుల్ టూల్‌లో మొబైల్ ట్యాబ్ చూడండి, ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలి. తెలుగు ఫాంట్ ఫైళ్లు బరువైనవి, నాలుగైదు రకాలు పెట్టకుండా ఒకటితో సరిపెట్టుకోండి, ఫొటోలను వెబ్‌పీ అనే తక్కువ సైజు ఫార్మాట్‌లోకి మార్చండి.

వేరే సైట్ల నుంచి మీ పేజీకి లింకులు అవసరమే, డబ్బిచ్చి కొన్న లింకులు మాత్రం ముట్టుకోవద్దు. 2012లో దొంగ లింకులను పట్టడానికి తెచ్చిన పెంగ్విన్ అప్‌డేట్ నుంచీ గూగుల్ వాటి మీద గట్టిగానే ఉంది. ఏఐతో వందల పేజీలు గుప్పించడం కూడా అంతే, ర్యాంకుల కోసం అలా కుప్పలుగా పేజీలు తయారుచేయడాన్ని 2024 మార్చిలో స్పామ్ నియమాల్లో చేర్చారు. దాని బదులు ఖర్చు లేని పని ఒకటుంది: మీ మాగాయ పేజీ నుంచి, తొక్కుడు పచ్చడి పేజీ నుంచి ఆవకాయ పేజీకి మీరే లింక్ ఇవ్వండి, "ఇక్కడ నొక్కండి" అని కాకుండా "ఆవకాయ కొలతలు" అన్న మాట మీదే ఇవ్వండి.

ఏటా కొత్త పేజీ రాయకుండా పాత అడ్రస్‌లోనే మార్పులు చేయండి, అదీ మామిడికాయలు మార్కెట్‌లోకి రాకముందే, ఫిబ్రవరిలో, ఎందుకంటే గూగుల్ మళ్లీ చదివి స్థానం మార్చడానికి వారాలు పట్టొచ్చు. తర్వాత ఫలితం చూసేటప్పుడు మే నెలని జులైతో పోల్చి కంగారు పడొద్దు. సెర్చ్ కన్సోల్ 16 నెలల డేటా ఉంచుతుంది, పోయిన ఏడాది మే నెలతో పోల్చండి.