స్టీల్ సింకు మీది తుప్పు మరకలను వదిలించే విధానం

స్టెయిన్‌లెస్ స్టీల్ సింకులో ఎర్రటి మచ్చలు కనిపించగానే సింకే పాడైపోయిందని చాలామంది భావిస్తారు. నిజానికి ఆ తుప్పు చాలాసార్లు సింకుది కాదు. గిన్నెలు తోమే ఇనుప పీచు నుంచి రాలిన నూగు, తడిగా వదిలేసిన ఇనుప పెనం, ప్లాస్టిక్ పూత ఊడిపోయిన గిన్నెల స్టాండు కాళ్లు, రాత్రంతా సింకులోనే ఉండిపోయిన డబ్బా మూత, ఇనుము ఎక్కువగా ఉన్న బోరు నీళ్లు సింకు మీద వదిలిన తుప్పే అలా కనిపిస్తుంది. కనుక మరకను తుడిచే ముందు అది ఎక్కడ నుంచి వచ్చిందో చూసుకోవాలి. మరక గుండ్రంగా ఉంటే డబ్బా లేదా పెనం అంచు, చిన్న చిన్న చుక్కలుగా ఉంటే ఇనుప పీచు, కుళాయి కింద నీళ్లు పడే చోటే పసుపు చారగా ఉంటే నీళ్లు కారణమని చాలావరకు గుర్తించవచ్చు.

ఉక్కులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటేనే దానిని స్టెయిన్‌లెస్ స్టీల్ అంటారు. ఆ క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, కంటికి కనిపించనంత పలుచని పొరగా ఏర్పడి లోపలి ఇనుమును కాపాడుతుంది. పొర గీసుకుపోయినా, ఉపరితలం శుభ్రంగా ఉండి గాలి తగిలితే మళ్లీ తనంతట తానే ఏర్పడుతుంది. అయితే ఉప్పులోను, బ్లీచింగ్ పౌడర్‌లోను, టైల్స్ కడిగే యాసిడ్‌లోను ఉండే క్లోరైడ్లు ఆ పొరను ఛేదించి, సన్నని గుంటలు పడేలా చేస్తాయి. మరక పోవడం లేదని బాత్రూమ్ యాసిడ్ పోయడం ఎంతమాత్రం తగదు. మరక పోయినట్టే పోతుంది, కొన్నాళ్లకు సింకు సొంత తుప్పే మొదలవుతుంది.

ముందుగా సింకును మామూలు గిన్నెల సబ్బుతో కడిగి జిడ్డు వదిలించాలి, ఎందుకంటే జిడ్డు ఉన్నచోట ఏ మందూ మరకను అంటదు. తరువాత రెండు మూడు చెంచాల వంటసోడాలో కొద్దిగా నీళ్లు కలిపి ముద్దలా చేసి, మరక మీద పట్టించి, పావుగంట ఆగి, మెత్తని గుడ్డతో గాని స్పాంజితో గాని రుద్దాలి. స్టీల్ మీద సన్నని గీతలు ఒకే దిశలో కనిపిస్తాయి. వాటి వెంబడే రుద్దాలి తప్ప గుండ్రంగా గాని అడ్డంగా గాని రుద్దకూడదు. కొత్త మరకలు చాలావరకు ఇంతటితోనే పోతాయి.

పోకపోతే నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) వాడాలి. ఇది తుప్పును కరిగిస్తుంది, స్టీల్‌కు హాని చేయదు. పరిశ్రమల్లో స్టెయిన్‌లెస్ స్టీల్ రక్షణ పొరను బలపరచడానికి కూడా ఈ ఆమ్లాన్నే వాడతారు. ఒక కప్పు గోరువెచ్చని నీళ్లలో ఒక చెంచా నిమ్మ ఉప్పు కరిగించి, టిష్యూ కాగితాన్ని అందులో తడిపి, మరక మీద పరచి, అది ఆరిపోకుండా చూస్తూ అరగంట ఉంచాలి. సింకు గోడల మీద నీళ్లు నిలవవు కనుక ఈ తడి కాగితం పద్ధతి అక్కడ ఎంతో ఉపకరిస్తుంది. బోరు నీళ్ల వల్ల పేరుకున్న తెల్లని పొర కూడా దీనితోనే వదులుతుంది. వంటసోడాను, నిమ్మ ఉప్పును కలిపి పోయమని చాలామంది సలహా ఇస్తారు. పొంగు వస్తుందే గాని, రెండూ ఒకదాని బలాన్ని మరొకటి హరిస్తాయి. ఒకటి పూర్తిగా కడిగిన తరువాతే రెండవది వాడాలి. పక్కన పాలరాతి గట్టు ఉంటే దాని మీద ఈ నీళ్లు పడనివ్వవద్దు, మెరుపు పోతుంది.

ఎంతకూ వదలని పాత మరకలకు ఆక్సాలిక్ యాసిడ్ ఉన్న పొడి పనిచేస్తుంది. అది విషం కనుక చేతికి తొడుగులు వేసుకుని, కిటికీ తెరిచి, పిల్లలను దూరంగా ఉంచి, తడి గుడ్డ మీద చిటికెడు వేసి ఒకటి రెండు నిమిషాలు మాత్రమే రుద్ది, ధారాళంగా కడగాలి. ఏ ఆమ్లాన్నీ బ్లీచింగ్‌తో కలపకూడదు. వెలువడే క్లోరిన్ వాయువు ఊపిరితిత్తులకు ప్రమాదకరం.

చివర సింకును పొడి గుడ్డతో తుడవాలి. నీళ్లు వెళ్లే జాలీని తీసి, దాని కింది అంచును కూడా తుడవాలి, ఎందుకంటే తడి, ఉప్పు నిలిచేది అక్కడే. ఊరగాయ జాడీని, చింతపండు పులుసు గిన్నెను సింకులో రాత్రంతా ఉంచకుండా వెంటనే కడగడం, ఇనుప పీచుకు బదులు నైలాన్ పీచు వాడడం అలవాటు చేసుకుంటే మరకలు తిరిగి రావడం బాగా తగ్గుతుంది.

మరక పోయాక ఆ చోట గోరుకు తగిలే సూది మొన అంత గుంటలు ఉంటే, తుప్పు అక్కడే మళ్లీ వస్తుంది, సింకు మార్చవలసిన అవసరం పడవచ్చు. అప్పుడు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉండే 304 రకాన్నే అడిగి, బిల్లు మీద రాయించుకోవాలి. దుకాణంలో అయస్కాంతం పెట్టి చూపించడాన్ని నమ్మకూడదు. చవకైన 202 రకానికి కూడా అయస్కాంతం అంటుకోదు.