పాత టర్బైన్ జెట్: ఏ లోపానికి బేరమాడాలి, ఏ లోపానికి దండం పెట్టాలి

కిరోసిన్‌తో తిరిగే అసలు టర్బైన్ ఉన్న ఆర్సీ జెట్‌ని (రిమోట్‌తో ఎగరేసే చిన్న జెట్ విమానాన్ని) నెల్లూరు, ఒంగోలు వైపు కొత్తది తెప్పించుకునేవాళ్లు అరుదు. చెన్నైలోనో బెంగళూరులోనో ఎవరైనా అమ్ముతుంటే పోయి తెచ్చుకోవడమే ఎక్కువ. 2022 ఫిబ్రవరి 9న కేంద్రం విదేశీ డ్రోన్ల దిగుమతిని ఆపేసి, విడిభాగాలను మాత్రం వదిలింది. కస్టమ్స్‌లో మన పెట్టెను దేని కింద లెక్కేస్తారో అన్న టెన్షన్ కన్నా, దేశంలో ఉన్న పాతదే నయమనిపిస్తుంది.

నయమే, చూసి కొంటే. ఫొటోలో పెయింటు మెరుస్తుంది, వీడియోలో విమానం చక్కగా ఎగురుతుంది. ఇంజిన్ లోపల బేరింగు ఎలా ఉందో ఆ రెండూ చెప్పవు. పాత జెట్ అన్నాక ఏదో ఒక లోపం ఉండనే ఉంటుంది. అది ఓ-రింగు (చిన్న రబ్బరు వలయం) మారిస్తే పోయేదా, ఇంజిన్‌ని విదేశానికి పంపితే తప్ప పోనిదా అన్నది అక్కడికక్కడే తేల్చుకోవాలి. మొదటిదైతే ధర తగ్గించమని అడగండి. రెండోదైతే సర్వీసు ఖర్చంతా తీసేసి లెక్కేయండి, కుదరకపోతే దండం పెట్టి వచ్చేయండి.

చిన్న టార్చి, పళ్ల డాక్టరు వాడేలాంటి అద్దం, రూపాయి బిళ్ల, కొక్కెం ఉన్న లగేజీ తూకం వెంట తీసుకెళ్లండి. ఉదయమే వెళ్లండి. మధ్యాహ్నం సముద్రపు గాలి లేచాక ఇంజిన్ స్టార్ట్ చేస్తే వచ్చే అంకెలు నమ్మలేం. ఎందుకో కింద చెబుతాను.

లక్షణం: "రెండుసార్లే ఎగిరింది అన్నా" అంటాడు, ఈసీయూ ఇంకోటి చెబుతుంది

ఇంజిన్‌ని నడిపే కంప్యూటరు ఈసీయూ. దానికి తగిలించి చూసే చిన్న డిస్‌ప్లే జీఎస్‌యూ. ఇంజిన్ మొత్తం ఎన్ని గంటలు తిరిగింది, ఎన్నిసార్లు స్టార్టయింది, కిందటిసారి ఎందుకు ఆగింది అన్నవి అందులో ఉంటాయి. ఒక్కో ఫ్లైట్ ఏడెనిమిది నిమిషాలు. రెండు ఫ్లైట్లయితే పావుగంట. అక్కడ తొమ్మిది గంటలు కనిపిస్తే అమ్మేవాడు అబద్ధమాడుతున్నాడని అనుకోనక్కర్లేదు, అతను కూడా ఇంకొకరి దగ్గర కొని ఉండొచ్చు. మీరు లెక్కేసుకోవాల్సింది మాత్రం తొమ్మిది గంటలే.

జెట్‌క్యాట్, కింగ్‌టెక్ లాంటి కంపెనీలు 25 గంటల దరిదాపుల్లో సర్వీసుకు పంపమంటాయి. అంటే సుమారు 200 ఫ్లైట్లు. మీటరు 22 దగ్గరుంటే మీరు కొంటున్నది సర్వీసు బాకీ ఉన్న ఇంజిన్. ఆ ఖర్చును ధరలోంచి తీసేయమనండి. ఇంకో సంగతి, పాత రకాల్లో గంటల లెక్క ఈసీయూలో ఉంటుంది కానీ ఇంజిన్‌లో ఉండదు. ఈసీయూ మారిస్తే మీటరు సున్నాకు పడుతుంది. ఇంజిన్ సీరియల్ నంబరు, సర్వీసు కాగితం, ఈసీయూ లెక్క మూడూ పొసగాలి. "జీఎస్‌యూ ఎక్కడో పోయింది" అంటే, దొరికాక ఫోన్ చేయమని చెప్పి కాఫీ తాగి వచ్చేయండి.

కిందటిసారి ఆగిన కారణం దగ్గర టెంపరేచర్ ఎక్కువైందనో, ఆర్పీఎం (నిమిషానికి చుట్లు) పడిపోయిందనో, రిమోట్ సిగ్నల్ పోయిందనో ఉంటే కథ మొత్తం అడగండి. మామూలుగా స్విచ్‌తో ఆపిన ఇంజిన్ ఆ మాటలు చూపించదు.

లక్షణం: చేత్తో తిప్పితే గరగర

ఎక్కువసేపు కూర్చోవాల్సింది ఇక్కడ. ఈసీయూ బ్యాటరీ పీకేశాక, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ముందునుంచి రోటర్‌ని (లోపల తిరిగే ఇరుసు, చక్రాలను) వేలితో మెల్లగా తిప్పండి. చప్పుడు లేకుండా తిరిగి, నెమ్మదించి ఆగాలి. ఇసుక నలిగినట్టు తగిలినా, ఒకేచోట ఠక్కున ఆగినా బేరింగు పోయినట్టే. షాఫ్టును ముందుకూ వెనక్కీ నొక్కితే స్ప్రింగులా కాస్త కదిలి వెనక్కి వస్తుంది. అది లోపం కాదు, లోపల ప్రీలోడ్ స్ప్రింగ్ ఉంటుంది. పక్కలకు ఊగితే మాత్రం లోపమే.

ఎందుకు పోతుంది? ఈ ఇంజిన్‌కి విడిగా ఆయిల్ సంపు ఉండదు. కిరోసిన్‌లో కలిపిన టర్బైన్ ఆయిలే బేరింగులకు చేరి, వాటిని తడిపి, కాలి బయటికి పోతుంది. చాలా ఇంజిన్లకు ఆ ఆయిల్ 5 శాతం దరిదాపు, అంటే 20 లీటర్లకు ఒక లీటరు. మీ ఇంజిన్ మాన్యువల్ ఏమంటే అదే ఖాయం. "ఎంత కలుపుతారు?" అని అడిగి చూడండి. "అందాజాగా పోస్తా" అన్న జవాబు వస్తే మీకు కావాల్సింది తెలిసిపోయినట్టే.

రెండో కారణం మన వాతావరణం. మైపాడు, కొత్తపట్నం వైపు ఇళ్లలో, రొయ్యల చెరువుల పక్కన షెడ్లలో నెలల తరబడి ఊరికే పెట్టిన ఇంజిన్‌కి ఉప్పుగాలి తగులుతుంది. బేరింగు బంతులు సిరామిక్‌వైనా, అవి తిరిగే రింగులు ఉక్కువే, తుప్పు పడతాయి. చీమకుర్తి దరిదాపుల్లో ఎగిరిన విమానమైతే గ్రానైట్ దుమ్ము లోపలికి పీల్చుకుని ఉంటుంది. ముందువైపు గాలిని నొక్కే కంప్రెసర్ చక్రం రెక్కల అంచులు టార్చితో చూడండి. నొక్కులు, వంకరలు కనిపిస్తే రాయో బోల్టో లోపలికి వెళ్లింది.

పరిష్కారం ఒక్కటే, కంపెనీకో వాళ్లు గుర్తించిన సర్వీసు సెంటరుకో పంపడం. "మా ఊళ్లో లేత్ మేస్త్రీ బేరింగులు మార్చేస్తాడు" అనేవాళ్లు ఉంటారు. మేస్త్రీ చేతిలో పనితనం ఉండొచ్చు. 100 న్యూటన్ల తోపుడు బలం తరగతి ఇంజిన్ నిమిషానికి లక్షన్నర చుట్ల దరిదాపుల్లో తిరుగుతుంది. ఆ రోటర్‌ని బ్యాలెన్సింగ్ యంత్రం మీద సరిచేయకుండా బిగిస్తే కొత్త బేరింగులూ పోతాయి, కేసింగూ పోతుంది.

లక్షణం: వెనక రెక్కల కొసలు మెరుస్తున్నాయి, చుట్టూ గీత పడింది

అద్దం పెట్టి నాజిల్ (వెనక వేడిగాలి బయటికి వచ్చే గొట్టం) లోపలికి చూడండి. టర్బైన్ చక్రం రెక్కల కొసలు చుట్టూ ఉన్న రింగుకు రాసుకుంటే అక్కడ నున్నగా మెరిసే గీత పడుతుంది. అదేపనిగా హాట్ స్టార్టులు (స్టార్ట్‌లోనే వేడి మితిమీరడం) అయితే రెక్కలు వేడికి సాగి ఇలా అవుతుంది. రెక్కల ముందుండే గైడ్ వేన్‌లలో (గాలిని మళ్లించే కదలని పలకల్లో) బీట కనిపించినా అదే కథ. దీనికి బేరం లేదు. ఇంజిన్ ధర సున్నా అనుకుని, విమానం బాడీకి మాత్రం డబ్బు ఇస్తానని చెప్పి చూడండి.

లక్షణం: స్టార్ట్ అవ్వదు, లేదా అయ్యేటప్పుడు వెనక నుంచి మంట

వడ్లు కోసిన మళ్లలో, ఎండుగడ్డి మీద స్టార్ట్ చేయనివ్వకండి. సిమెంటు నేల కావాలి. పక్కన కార్బన్ డయాక్సైడ్ సిలిండరు ఉండాలి. పౌడరు సిలిండరు మంటను ఆర్పడంతో పాటు ఇంజిన్‌ని కూడా పాడుచేస్తుంది.

స్టార్టరు కీచుమని అరుస్తూ రోటర్‌ని తిప్పకపోతే క్లచ్‌లోని ఓ-రింగుకు ఆయిల్ పట్టింది, లేదా అరిగింది. తుడిచి కొత్తది వేస్తే అయిపోతుంది. బాగా తిరుగుతున్నా అంటుకోకపోతే గ్లో ప్లగ్ (మంట అంటించే ప్లగ్) చూడండి, కిరోసిన్ స్టార్ట్ రకమైతే లోపలి బర్నర్‌ని అనుమానించండి. ప్లగ్ చవక, బర్నర్ కాదు.

అంటుకుని టెంపరేచర్ సర్రున పెరిగిపోతే వెంటనే ఇంజిన్‌ని తిట్టకండి. ఈసీయూ బ్యాటరీ బలహీనమైతే స్టార్టరు సరిగా తిప్పదు, గాలి చాలదు, లోపల వేడి పెరుగుతుంది. వెనక నుంచి గాలి కొడుతున్నా అంతే. సముద్రపు గాలి లేవకముందే వెళ్లమన్నది ఇందుకే. ముక్కును గాలికి ఎదురు తిప్పి, నిండుగా చార్జ్ చేసిన బ్యాటరీ పెట్టి మళ్లీ చేయమనండి. అప్పుడూ అలాగే అయితే లోపం లోపలే ఉంది.

వెనక నుంచి పెద్ద మంట వస్తే చాలాసార్లు కారణం కిందటి విఫలమైన స్టార్టులో లోపల మిగిలిన కిరోసిన్. ఇంజిన్ చల్లారాక మాన్యువల్ చెప్పినట్టు విమానాన్ని వంచి అది కారిపోనివ్వాలి. రెండు మూడు విఫల స్టార్టుల తర్వాత ఆ పని చేయకుండా మళ్లీ బటన్ నొక్కే అమ్మకందారు ఇన్నాళ్లూ ఆ ఇంజిన్‌ని ఎలా చూసుకున్నాడో మీ కళ్లముందే చూపిస్తున్నాడు. ఆపాక కూడా చూడండి. స్టార్టరు ఆగి ఆగి తిప్పుతూ లోపలి వేడిని 100 డిగ్రీల కిందికి తేవాలి. మధ్యలో బ్యాటరీ పీకేస్తే ఆ వేడంతా బేరింగులకు ఎక్కుతుంది.

లక్షణం: ఐడిల్‌లో (కనిష్ఠ వేగంలో) ఆర్పీఎం ఎక్కుతూ దిగుతూ ఉంది

ముందు ఇంధనం గొట్టాలు చూడండి. పసుపు రంగుకు తిరిగి గట్టిపడ్డ గొట్టం మలుపుల దగ్గర గాలి పీలుస్తుంది. పారదర్శకమైన గొట్టంలో బుడగలు వెళ్తుంటే అదే కారణం. గాలిలో ఉండగా ఒక్క పెద్ద బుడగ చాలు ఫ్లేమౌట్ (మంట ఆరి ఇంజిన్ ఆగిపోవడం) కావడానికి. గొట్టాలు, ట్యాంకులోని క్లంక్ (ఇంధనం పీల్చే గొట్టం కొసనుండే బరువు), ఫిల్టరు, ఎయిర్ ట్రాప్ (బుడగల్ని ఆపే చిన్న ట్యాంకు) మార్చుకోవచ్చు, చిన్న ఖర్చే. అవన్నీ బాగుండి పంపు వోల్టేజీ మునుపటి కన్నా ఎక్కువ చూపిస్తుంటే పంపు అరుగుతోంది. ఇవన్నీ బేరానికి పనికొచ్చే లోపాలు.

లక్షణం: ఫుల్ థ్రాటిల్‌లో బలం తక్కువ

విమానం వెనక కట్టిన తాడును లగేజీ తూకం కొక్కేనికి తగిలించి, తూకాన్ని గట్టి స్తంభానికి కట్టండి. 100 న్యూటన్లంటే పది కిలోల పైచిలుకు. మే నెలలో 42 డిగ్రీల ఎండలో కంపెనీ కాగితంలో ఉన్నంత రాదు, వేడి గాలి పలచన. కొంచెం తగ్గితే పట్టించుకోకండి. బాగా తగ్గి, దానికి తోడు ఎగ్జాస్ట్ టెంపరేచర్ కాగితం కన్నా ఎక్కువ ఉంటే వెనకభాగం దెబ్బతింది. పైన చెప్పిన గీతను మళ్లీ వెతకండి. ఈ పరీక్షప్పుడు నాజిల్ వెనక, ముందు గాలి పీల్చే నోటి దగ్గర ఎవర్నీ నిలబడనివ్వకండి. వదులు చొక్కా, మెడలో తువ్వాలు అసలే వద్దు.

లక్షణం: బాడీ మీద రూపాయి బిళ్లతో కొడితే ఒకచోట మొద్దుగా మోగుతుంది

ఫైబర్ పొరలు విడిపోయాయి, లేదా అక్కడ పగిలి అతికారు. పెయింటు ఒకచోట కొత్తగా, మిగతా చోట్ల పాతగా ఉంటే ఆ కొత్త దాని కింద చూడండి. ల్యాండింగ్ గేరు బిగించిన చెక్కల దగ్గర, రెక్క గొట్టం దూరే చోట, ఇంజిన్ ఫ్రేముల దగ్గర టార్చి వేయండి. లోపల కిరోసిన్ వాసన గుప్పుమంటే ట్యాంకు కారుతోంది, చెక్కకు జిగురు వదులుతుంది. బయటి అతుకు బాగుంటే ధర తగ్గించుకుని తీసుకోవచ్చు. నూనె పట్టిన చెక్క ఫ్రేములను మాత్రం నేను ముట్టుకోను.

గేరు గాలితో పనిచేసేదైతే పంపు కొట్టి గేజీ మీద కన్నేసి అరగంట మిగతా పనులు చూసుకోండి. ముల్లు దిగితే ఓ-రింగులు. సర్వోల (రెక్కల పలకలను కదిపే చిన్న మోటార్ల) కొమ్ముల్ని చేత్తో ఊపండి, వదులుంటే మార్చాల్సిందే. ఉబ్బిన లైపో బ్యాటరీని ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి.

లక్షణం: రిమోట్ ఆపేసినా ఇంజిన్ తిరుగుతూనే ఉంది

ఫెయిల్‌సేఫ్ పెట్టలేదు, లేదా తప్పుగా పెట్టారు. సిగ్నల్ పోతే ఇంజిన్ ఆగాలి. ముందు ఇంజిన్ ఆపి, రిమోట్ ఆఫ్ చేసి, థ్రాటిల్ ఛానల్ కటాఫ్‌కు వెళ్తోందో లేదో చూడండి. తర్వాతే చక్రాలకు అడ్డు పెట్టి ఐడిల్‌లో చూడండి. ఖర్చు లేని పరిష్కారం, పది నిమిషాల సెట్టింగ్. కానీ అది చేయకుండానే ఇన్నాళ్లూ ఎగరేశారంటే మిగతా వైరింగ్ అంతా మరోసారి తిరగేయండి.

కాగితాల సంగతి

2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ రూల్స్ మనిషి ఎక్కని ఇలాంటి విమానాలకూ వర్తిస్తాయి. ఇలాంటి జెట్లు ఎక్కువగా 2 కిలోలకు పైన, 25 కిలోలకు లోపు ఉండే స్మాల్ తరగతిలోకి వస్తాయి. రిజిస్ట్రేషన్ నంబరు ఉంటే మీ పేరుకు మార్చమనండి, ఎగరేయడానికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ కూడా చూసుకోండి. మీ స్థలం ఏ జోన్‌లో ఉందో డిజిటల్ స్కై అనే ప్రభుత్వ సైటు మ్యాపులో కనిపిస్తుంది. శ్రీహరికోట వైపు దిగే కొద్దీ ఆంక్షలు గట్టిగా ఉంటాయి. కొరిశపాడు దగ్గర హైవే మీద 2022 డిసెంబరు 29న వైమానిక దళం విమానాలు ట్రయల్ చేశాయి కదా, తెల్లవారుజామున మనమూ అక్కడే ఒక్కసారి అనే ఆలోచన వద్దు.

డబ్బు ఇచ్చే ముందు జీఎస్‌యూ, ఈసీయూ కేబుళ్లు, ఇంజిన్ మాన్యువల్, రిమోట్‌లోని మోడల్ సెట్టింగుల ఫైలు, విడిగా కొన్న ప్లగ్గులు, ఫిల్టర్లు అన్నీ డిక్కీలో పెట్టించుకోండి. ట్యాంకు ఖాళీ చేసి, బ్యాటరీలు విమానంలోంచి తీసి ముందు సీటు దగ్గర పెట్టుకోండి. ఎండలో మూసిన కారులో వదిలేసి భోజనానికి వెళ్లకండి.