ఇంటి మీడియా సర్వర్‌కి ఏ బాక్స్ కొనాలి? ముందు మీ టీవీ సంగతి తేల్చుకోండి

ఇంట్లో మీడియా సర్వర్ (సినిమాలూ వీడియోలూ దాచి టీవీలకూ ఫోన్లకూ పంపే కంప్యూటర్) పెట్టాలనుకోగానే చాలామంది ముందు ప్రాసెసర్ల బెంచ్‌మార్కుల్లో పడిపోతారు. ఎన్ని కోర్లు, ర్యామ్ 16 జీబీ చాలా 32 కావాలా, గ్రాఫిక్స్ కార్డు వేయాలా వద్దా, ఇలా. వాటికంటే ముందు తేలాల్సింది వేరే ఉంది: మీ దగ్గరున్న ఫైళ్లను మీ టీవీ ఉన్నవి ఉన్నట్టుగా ప్లే చేస్తుందా లేదా? చేస్తే సర్వర్‌కి పెద్దగా పనే ఉండదు, డిస్కులోంచి ఫైలు తీసి పంపడమే. దీన్నే డైరెక్ట్ ప్లే అంటారు. పదేళ్ల కిందటి పాత కంప్యూటర్ కూడా ఈ పని హాయిగా చేసేస్తుంది, 4కే అయినా సరే.

టీవీకి ఆ ఫార్మాట్ రాకపోతేనే తలనొప్పి. అప్పుడు సర్వర్ ఆ వీడియోను విప్పి, టీవీకి పనికొచ్చే రూపంలోకి మళ్లీ కుదించి, సినిమా ఆడుతున్నంతసేపూ అప్పటికప్పుడు పంపుతూ ఉండాలి. ట్రాన్స్‌కోడింగ్ అంటే ఇదే. 4కే హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడా ఎక్కువగా చూపే వీడియో) ఫైలుని ఇలా మార్చే పని మొత్తం ప్రాసెసర్ కోర్ల మీదే వేస్తే మంచి డెస్క్‌టాప్ కూడా ఫ్యాన్ హోరెత్తించి చివరికి బఫరింగ్ దగ్గర ఆగుతుంది.

అందుకే కొనే ముందు ఒక పరీక్ష చేయండి, ఖర్చు ఏమీ లేదు. ఇప్పుడు మీ దగ్గరున్న ల్యాప్‌టాప్‌లోనే జెల్లీఫిన్ అనే మీడియా సర్వర్ సాఫ్ట్‌వేర్ వేసుకుని (ఉచితం, ఓపెన్ సోర్స్) నాలుగైదు ఫైళ్లు పెట్టి, టీవీలో దాని యాప్ నుంచి ప్లే చేయండి. సులువైన ఫైళ్లు కాదు, మీ దగ్గర ఉన్నవాటిలో మొండివి ఎంచుకోండి: 10 బిట్ హెచ్‌ఈవీసీ (వీడియోను బాగా కుదించే ఒక ఫార్మాట్) 4కే ఒకటి, డీటీఎస్ ఆడియో (సినిమాల్లో వాడే ఒక సౌండ్ ఫార్మాట్) ఉన్నది ఒకటి, సబ్‌టైటిల్స్ ఉన్నవి రెండు. ప్లే అవుతుండగా అడ్మిన్ డ్యాష్‌బోర్డ్ తెరిస్తే ఏది నేరుగా వెళ్తోందో, ఏది ట్రాన్స్‌కోడ్ అవుతోందో, ఎందుకు అవుతోందో కారణంతో సహా కనిపిస్తుంది. ఆడియో మాత్రమే మారుతుంటే కంగారు అక్కర్లేదు, అది చాలా తేలిక పని, ఏ ప్రాసెసరైనా చేస్తుంది. వీడియో మారుతుంటే మాత్రం కారణం చదవండి.

ఆ కారణం చాలాసార్లు సబ్‌టైటిల్సే అయి ఉంటుంది, ఇది ఎవరూ ముందు ఊహించరు. ఎస్‌ఆర్‌టీ లాంటి అక్షరాల ఫైలైతే టీవీయే చదువుకుని పైన చూపిస్తుంది. బ్లూరే నుంచి వచ్చే పీజీఎస్ సబ్‌టైటిల్స్ అక్షరాలు కావు, బొమ్మలు. వాటిని చూపడం టీవీ యాప్‌కి చేతకాకపోతే సర్వర్ వాటిని ప్రతి ఫ్రేమ్ మీదా అతికించి వీడియో మొత్తాన్నీ తిరగరాయాలి. అంటే టీవీకి ఆ వీడియో ఫార్మాట్ వచ్చినా సరే, సబ్‌టైటిల్ ఆన్ చేసిన మరుక్షణం సర్వర్ చెమటలు కక్కుతుంది. మీకున్న సమస్య ఇదొక్కటే అయితే కొత్త బాక్స్ వద్దు, అవే సబ్‌టైటిల్స్‌కి ఎస్‌ఆర్‌టీ ఫైలు పక్కన పెట్టుకోండి చాలు. అలాగే టీవీలోని యాప్ బాగోలేక ట్రాన్స్‌కోడ్ అవుతుంటే, సర్వర్ మీద పెట్టే డబ్బులో కొంత తీసి టీవీకి ఒక మంచి స్ట్రీమింగ్ బాక్స్ తగిలించడమే తెలివైన పని అని నా అభిప్రాయం.

అయినా ట్రాన్స్‌కోడింగ్ తప్పదనుకుందాం. ఇంట్లో నలుగురు నాలుగు రకాల పరికరాల్లో చూస్తారు, బయట ఉన్నప్పుడు ఫోన్‌లో చూడాలి, కొందరు బ్రౌజర్‌లోనే తెరుస్తారు. ఇక్కడ కావాల్సింది కోర్ల సంఖ్య కాదు, ప్రాసెసర్ లోపలే ఉండే గ్రాఫిక్స్ భాగం. ఇంటెల్ 2011లో క్విక్ సింక్ అని ఒకటి తెచ్చింది, వీడియో విప్పడానికీ కుదించడానికీ చిప్‌లోనే విడిగా ఒక భాగం. అది ప్రతి తరానికీ మెరుగైంది. 10 బిట్ హెచ్‌ఈవీసీ పూర్తిగా వచ్చింది ఏడో తరం నుంచి, కాబట్టి పాత బాక్స్ కొనేటట్టయితే అంతకంటే కిందికి దిగొద్దు, ఎనిమిదో తరం దొరికితే ఇంకా నయం. ఏవీ1 (హెచ్‌ఈవీసీ తర్వాత వచ్చిన ఫార్మాట్) ఫైళ్లు కూడా ఉంటే పదకొండో తరం, ఆ పైన చూడండి. ఇంకో జాగ్రత్త, మోడల్ నంబరు చివర ఎఫ్ అనే అక్షరం ఉన్న ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఈ గ్రాఫిక్స్ ఉండదు. కాస్త చవగ్గా వస్తున్నాయని అవి తీసుకుంటే ఈ పనికి పనికిరావు. ఏఎండీ గ్రాఫిక్స్‌తో కూడా నడుస్తుంది గానీ ఈ ఒక్క పనికి నా ఓటు ఇంటెల్‌కే. సాఫ్ట్‌వేర్ విషయానికొస్తే, ప్లెక్స్‌లో (జెల్లీఫిన్ లాంటిదే మరొకటి) ఈ హార్డ్‌వేర్ ట్రాన్స్‌కోడింగ్ వాడాలంటే ప్లెక్స్ పాస్ అనే చందా కొనాలి, జెల్లీఫిన్‌లో ఉచితమే. లెక్కలో అది కూడా వేసుకోండి.

మరి ఏ బాక్స్? ఎక్కువమందికి ఇంటెల్ ఎన్100 ఉన్న మినీ పీసీ సరిపోతుంది. 2023లో వచ్చిన చిన్న ప్రాసెసర్, నాలుగు కోర్లే, టీడీపీ (వేడి రూపంలో వదిలే శక్తి అంచనా) 6 వాట్లు, అయినా 10 బిట్ హెచ్‌ఈవీసీ, ఏవీ1 రెండూ హార్డ్‌వేర్‌లోనే విప్పుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు బాక్స్ మొత్తం కలిపి పది వాట్లకు అటూ ఇటూ తింటుంది. ఆఫీసులు మార్చేసిన సెకండ్ హ్యాండ్ మినీ డెస్క్‌టాప్‌లు కూడా మంచి బేరమే, డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, లెనోవో థింక్‌సెంటర్ టైనీ లాంటివి, ఎనిమిదో తరం ఐ5తో దొరికితే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. పాత ల్యాప్‌టాప్ ఉంటే దాంతోనే మొదలుపెట్టండి, కరెంటు పోతే బ్యాటరీ ఆదుకుంటుంది కూడా. కాకపోతే ఇరవై నాలుగు గంటలూ చార్జర్‌కి తగిలించి ఉంచితే బ్యాటరీ ఉబ్బే ప్రమాదం ఉంది, చార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ ఉంటే పెట్టండి. రాస్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డు) అంటే నాకూ ముచ్చటే, కానీ పై 5లో వీడియోను మళ్లీ కుదించే హార్డ్‌వేర్ లేదు, డైరెక్ట్ ప్లేకి తప్ప దాన్ని నమ్ముకోవద్దు.

మూలన పడి ఉన్న గేమింగ్ పీసీని సర్వర్ చేసేద్దాం అనే ఆలోచన అందరికీ వస్తుంది. పని చేస్తుంది, సందేహం లేదు. కానీ లెక్క చూడండి: పది వాట్ల బాక్స్ ఏడాదంతా ఆన్‌లో ఉంటే దాదాపు 88 యూనిట్లు కాలుతుంది, అరవై వాట్ల గేమింగ్ పీసీ 526 యూనిట్లు. అదీ ఎవరూ ఏమీ చూడకుండా ఊరికే ఉన్నప్పుడు. రెడీమేడ్ న్యాస్ బాక్సులు (నెట్‌వర్క్‌కి తగిలించే డిస్కు పెట్టెలు) తలనొప్పి తక్కువ, డిస్కులు దూర్చడం సులువు, కానీ వాటిలో కొన్నిటికి గ్రాఫిక్స్ లేని ప్రాసెసర్లు వేస్తారు. డబ్బు కట్టే ముందు లోపలున్న ప్రాసెసర్ పేరు వెతికి చూసుకోండి.

ఇక డిస్కులు. అసలు డబ్బంతా పోయేది ఇక్కడే, ఎక్కువ ఆలోచించాల్సిందీ ఇక్కడే. సినిమాల కోసం ఎస్‌ఎస్‌డీ అనవసరం. భారీ 4కే ఫైలు కూడా సెకనుకు 80 మెగాబిట్లు అడిగితే అది 10 మెగాబైట్లే, మామూలు 3.5 అంగుళాల హార్డ్ డిస్క్ వరసగా చదివేటప్పుడు దానికి పది రెట్లు సునాయాసంగా ఇస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌కీ, పోస్టర్లూ డేటాబేస్ ఉండే చోటుకీ మాత్రం చిన్న ఎస్‌ఎస్‌డీ తప్పకుండా వేయండి, లేకపోతే మెనూలో ఒక్కో పేజీ తెరుచుకునేలోపు ఓపిక చచ్చిపోతుంది.

ఎంత సైజు కావాలో లెక్కేసుకోవడం తేలికే. సగటున 60 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు) ఉన్న రెండు గంటల 4కే సినిమా 54 జీబీ. అలాంటివి 8 టీబీ డిస్కులో 150 కూడా పట్టవు. అదే 10 ఎంబీపీఎస్ 1080పీ అయితే ఒక్కోటి 9 జీబీ, దాదాపు తొమ్మిది వందలు పడతాయి. ఏది కావాలో మీ ఇష్టం. విండోస్‌లో 8 టీబీ డిస్కు 7.27 అని కనిపిస్తే దుకాణంవాడు మోసం చేశాడనుకోకండి, లెక్కపెట్టే పద్ధతి తేడా అంతే.

కొనేటప్పుడు సీఎంఆర్, ఎస్‌ఎంఆర్ అనే తేడా చూడండి. ఎస్‌ఎంఆర్‌లో ట్రాకులు ఒకదాని మీదికి ఒకటి కొంత ఎక్కి ఉంటాయి, ఇంటి పైకప్పు పెంకుల్లాగా; సీఎంఆర్‌లో అలా ఎక్కవు. కాబట్టి ఒకచోట మార్చి రాయాలంటే పక్కవాటినీ తిరగరాయాలి. ఒకసారి సినిమా ఎక్కించి చదువుకోవడం వరకే అయితే ఫర్వాలేదు. రెయిడ్‌లో (ఒక డిస్కు పోయినా డేటా పోకుండా కొన్ని డిస్కులను జతగా వాడే పద్ధతి) పెట్టి, ఒక డిస్కు పోయి, కొత్తదాంట్లోకి మొత్తం మళ్లీ రాయాల్సి వచ్చినప్పుడు మాత్రం నరకం చూపిస్తుంది. వెస్టర్న్ డిజిటల్ రెడ్ ప్లస్, సీగేట్ ఐరన్‌వుల్ఫ్ రెండూ సీఎంఆరే. మినీ పీసీలో 3.5 అంగుళాల డిస్కు పట్టదు కాబట్టి యూఎస్‌బీ ఎన్‌క్లోజర్ (డిస్కు పెట్టే బయటి పెట్టె) కావాలి, సొంత పవర్ అడాప్టర్ ఉన్నదే తీసుకోండి.

రెయిడ్ అంటే బ్యాకప్ అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. డిస్కు పాడైతే రెయిడ్ కాపాడుతుంది, మీరు పొరపాటున డిలీట్ కొడితే అన్ని డిస్కుల్లోంచీ శ్రద్ధగా చెరిపేస్తుంది. సినిమాలు పోతే మళ్లీ బ్లూరే డిస్కుల నుంచి ఎక్కించుకోవచ్చు, పిల్లల వీడియోలు పోతే పోయినట్టే. అందుకని రెయిడ్ కోసం కొనే రెండో డిస్కును విడిగా బ్యాకప్ డిస్కుగా వాడమంటాను, ముఖ్యమైన ఫోల్డర్లు అందులోకి కాపీ చేసి తీసి పక్కన పెట్టేయండి.

ర్యామ్ 8 జీబీ చాలు. జెడ్‌ఎఫ్‌ఎస్ లాంటి ఫైల్ సిస్టమ్‌లు (డిస్కులో ఫైళ్లను అమర్చే పద్ధతులు) వాడితే, పక్కన ఇంకేవో సర్వీసులు నడిపితే 16.

నెట్‌వర్క్ దగ్గర ఒక చిక్కుంది. సర్వర్‌ని రూటర్‌కి కేబుల్‌తోనే కలపండి, ఇందులో వాదన లేదు. టీవీకి కూడా కేబులే మంచిదని అందరూ చెప్తారు, కానీ చాలా టీవీల్లో ఈథర్నెట్ పోర్టు 100 ఎంబీపీఎస్‌దే, ఖరీదైనవాటిలో కూడా. 4కే బ్లూరే నుంచి నేరుగా తీసిన ఫైళ్లు కొన్ని సీన్లలో ఆ హద్దు దాటుతాయి, సరిగ్గా అక్కడే బొమ్మ ఆగుతుంది, మనం సర్వర్‌ని తిట్టుకుంటాం. రూటర్ దగ్గర్లో ఉంటే 5 గిగాహెర్ట్జ్ వైఫై ఆ పోర్టు కంటే వేగంగా ఉండొచ్చు, రెండూ ప్రయత్నించి చూడండి. బయటి నుంచి చూడాలనుకుంటే తేల్చేది మీ కనెక్షన్ అప్‌లోడ్ వేగం. అది 20 ఎంబీపీఎస్ అయితే 60 ఎంబీపీఎస్ ఫైలు బయటికి నేరుగా వెళ్లదు, ఎంత ఖరీదైన సర్వరైనా సరే ట్రాన్స్‌కోడ్ చేసి తగ్గించాల్సిందే.

చివరగా, తలుపులు మూసిన టీవీ క్యాబినెట్‌లో దీన్ని పెట్టకండి, వేడికి డిస్కులు తొందరగా పోతాయి. చిన్న యూపీఎస్ ఒకటి పెట్టి, యూఎస్‌బీతో సర్వర్‌కి కలిపితే కరెంటు పోయినప్పుడు దానంతట అదే సరిగ్గా షట్‌డౌన్ అయ్యేలా చేసుకోవచ్చు. కరెంటు తిరిగొచ్చాక ఆన్ అవ్వాలంటే బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే ముందు నడిచే సాఫ్ట్‌వేర్) దానికో సెట్టింగ్ ఉంటుంది, మొదటి రోజే ఆన్ చేసి, ఒకసారి ప్లగ్ పీకి పెట్టి చూడండి.