మున్సిపల్ కాంప్లెక్స్ అప్పును తక్కువ వడ్డీకి మార్చాలంటే

"పాత అప్పు పదిన్నర శాతం, బ్యాంకులు తొమ్మిదికే ఇస్తున్నాయి, మార్చేద్దాం" అని కౌన్సిల్లో ఎవరో ఒకరు లేస్తారు, మిగతావాళ్లు బల్లలు చరుస్తారు. ఆ ఒకటిన్నర శాతంలో పట్టణానికి చివరికి మిగిలేదెంతో లెక్క కట్టాకే విషయం ఎజెండాలోకి రావాలి.

ముందు పాత రుణ ఒప్పందం బయటికి తీయండి. ముందస్తు చెల్లింపు చార్జీ ఎంత, నోటీసు 30 రోజులా 60 రోజులా, మధ్యలో వడ్డీ సవరించే రీసెట్ తేదీ ఏమైనా ఉందా చూడండి. కొన్ని ఒప్పందాల్లో రీసెట్ తేదీన చార్జీ లేకుండా బయటపడొచ్చు. ఆ తేదీ ఆర్నెల్లలో ఉంటే ఆగడమే లాభం.

ఇప్పుడు లెక్క. కాంప్లెక్స్ మీద 12 కోట్ల అసలు మిగిలి ఉంది, ఇంకా 8 ఏళ్లు, మూడు నెలలకో సమాన వాయిదా అనుకుందాం. 10.5 శాతానికి వాయిదా 55.89 లక్షలు. 9 శాతానికి 53.01 లక్షలు. వాయిదాకు 2.88 లక్షల చొప్పున 32 వాయిదాలకు 92 లక్షలు మిగులుతుంది. కానీ ఆ సొమ్ము ఎనిమిదేళ్లలో కొంచెం కొంచెంగా వచ్చేది. 9 శాతం లెక్కన ఈ రోజు విలువకు తెస్తే 65 లక్షలే.

అందులోంచి ఖర్చులు తీయాలి. పాత సంస్థకు 2 శాతం చార్జీ 24 లక్షలు, కొత్త బ్యాంకు ప్రాసెసింగ్ ఫీజు అర శాతమైతే జీఎస్టీతో 7 లక్షలు, లీగల్ ఒపీనియన్, రేటింగ్, రిజిస్ట్రేషన్లకు ఒక 5 లక్షలు. మొత్తం 36. మిగిలింది 29 లక్షలు, అంటే అసలులో 2.4 శాతం. అమెరికా నగరాల్లో ఇలాంటి మార్పిడికి 3 నుంచి 5 శాతం నికర ఆదా ఉండాలని ఒక వాడుక కొలత ఉంది. మనకూ అది పనికొస్తుంది, ఎందుకంటే ఒక్క పొరపాటుకే 2.4 శాతం కరిగిపోతుంది. ఇదే ఉదాహరణలో చార్జీని బేరమాడి 1 శాతానికి తెస్తే ఆదా 41 లక్షలు, అంటే 3.4 శాతం. అందుకే కొత్త బ్యాంకు ఆఫర్ లెటర్ చేతిలో పెట్టుకుని ముందు పాత సంస్థ దగ్గరికే వెళ్లండి. వాళ్లే వడ్డీ తగ్గిస్తే ఈ తతంగమే అక్కర్లేదు.

అసలు మోసం గడువులో ఉంటుంది. అదే 12 కోట్లను 9 శాతానికి 15 ఏళ్లకు సాగదీస్తే వాయిదా 36.64 లక్షలకు పడిపోతుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. మొత్తం కట్టేది మాత్రం 17.89 కోట్ల నుంచి 21.99 కోట్లకు ఎగబాకుతుంది. గడువు పాత అప్పు తీరే తేదీని దాటకూడదని తీర్మానంలోనే రాయించండి.

ఆ తీర్మానం "తక్కువ వడ్డీ బ్యాంకుకు మార్చుటకు ఆమోదించడమైనది" అని ఒక్క వాక్యంలో ముగిస్తే ఆడిట్‌లో దొరికిపోతారు. గరిష్ఠ మొత్తం, గరిష్ఠ వడ్డీ, స్థిరమా మారేదా, గడువు, ఖర్చులు ఏ పద్దు నుంచి, సంతకం అధికారం ఎవరికి అన్నీ ఉండాలి. తర్వాత ప్రభుత్వ అనుమతి. 1914 నాటి స్థానిక సంస్థల రుణాల చట్టం నుంచీ ఇదే పద్ధతి. పాత అప్పుకు వచ్చిన జీవోగానీ, ప్రభుత్వ గ్యారంటీగానీ కొత్తదానికి చెల్లవు. ఫైలు సీడీఎంఏ (పురపాలక శాఖ కమిషనర్, డైరెక్టర్) ఆఫీసు, సచివాలయం తిరిగి వచ్చేలోపు బ్యాంకు శాంక్షన్ గడువు అయిపోవడం మామూలే. గడువు పొడిగింపును మొదట్లోనే రాతపూర్వకంగా అడగండి.

బ్యాంకు మీ డిమాండ్ (రావాల్సిన మొత్తం) కాదు, వసూళ్లు చూస్తుంది. ఏటా 2.12 కోట్ల వాయిదాలకు 1.2 రెట్లు అడిగితే 2.54 కోట్లు చేతికొచ్చే ఆదాయం చూపాలి. డీసీబీలో (డిమాండ్, వసూలు, బకాయిల పట్టికలో) షాపుల అద్దె బకాయిలు పేరుకుపోయి ఉంటే ముందు అవి వసూలు చేయండి. రెండో చిక్కు స్థలం కాగితం. చాలా మున్సిపల్ భవనాలు ప్రభుత్వ పోరంబోకులో లేచినవే. దస్తావేజు ఉండదు, అప్పగింత పంచనామా ఒక్కటే ఉంటుంది, అదీ ఏ బీరువాలోనో. లీగల్ ఒపీనియన్ అక్కడే ఆగిపోతుంది.

ఇంత చిన్న అప్పుకు బాండ్ల ఆలోచన వద్దు. 2018లో జీహెచ్‌ఎంసీ 8.9 శాతానికి బాండ్లు అమ్మిందంటే అది 200 కోట్ల వ్యవహారం. రేటింగులు, లిస్టింగ్ ఖర్చు ఆ స్థాయికే గిట్టుబాటవుతాయి.

చెల్లింపు రోజున పేచీ ఒకటే: పత్రాలిస్తే డబ్బిస్తానని కొత్త బ్యాంకు, డబ్బొస్తే పత్రాలిస్తానని పాత సంస్థ. డబ్బు అందగానే పత్రాలు నేరుగా కొత్త బ్యాంకుకే ఇస్తామని పాత సంస్థ నుంచి ముందే హామీ పత్రం తీసుకోండి. ఆర్టీజీఎస్ మీ ఖాతాకు రాకుండా సూటిగా వాళ్ల రుణ ఖాతాకు పోవాలి. 12 కోట్ల మీద రోజు వడ్డీ 34,500 రూపాయలు. శుక్రవారం పడాల్సింది సోమవారం పడితే లక్ష దాటి కొరత వస్తుంది, ఆ కొరతకు ఖాతా మూయరు. కాబట్టి ఫోర్‌క్లోజర్ లెటర్‌లో (అప్పు మూసేయడానికి ఎంత కట్టాలో పాత సంస్థ ఇచ్చే ఉత్తరంలో) రోజువారీ మొత్తం కూడా రాయించుకోండి.

బాకీ లేదని నో డ్యూస్ పత్రం వచ్చాక నెల రోజుల్లో ఈసీ (ఆస్తి మీద తనఖాలేమైనా ఉన్నాయా చెప్పే రిజిస్ట్రేషన్ ఆఫీసు ధ్రువపత్రం) తీసి చూడండి. పాత తనఖా ఇంకా కనిపిస్తుంటే రద్దు పత్రం రిజిస్టర్ చేయించేదాకా ఫైలు మూయకండి.