మార్చిలో కుక్కను బయటికి తీసుకెళ్లే ముందు

హైదరాబాదులో శివరాత్రి దాటాక పొద్దున ఎనిమిదిన్నరకే ఎండ చురుక్కుమంటుంది. కొండాపూర్ డాగ్ పార్కుకైనా, ఊరి చివరి చెరువు గట్టుకైనా బయల్దేరే ముందు ఇవి చూసుకోండి.

– రోడ్డు మీద అరచేతి వెనకవైపు ఆనించి ఏడు సెకన్లు ఉంచండి. మీకు చురుక్కుమంటే దాని పాదాలూ కాలతాయి. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పుతూనే వేడి తగ్గించుకోవాలి. పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకు అదీ కష్టమే. వాటిని పొద్దున ఏడు గంటలలోపే ఇంటికి చేర్చండి. ఆగకుండా రొప్పుతూ, చొంగ కారుస్తూ తూలితే నీడకు తెచ్చి, మామూలు నీళ్లతో తడిపి, వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తండి.

– రేబిస్ టీకా గడువు చూడండి. వీధికుక్కలు ఎదురయ్యే ఊరిది, ఇందులో రాజీ వద్దు.

– పిడుదుల మందు వేశారా? గడ్డిలో తిరిగొచ్చాక చెవుల వెనక, వేళ్ల సందుల్లో, తోక కింద వెతకండి. పిడుదుల జ్వరం రక్తకణాలను దెబ్బతీస్తుంది, ప్రాణం మీదికీ తెస్తుంది.

– నీళ్లు, గిన్నె, గట్టి తాడు, మలం తీసే సంచులు.

– ఇది ద్రాక్ష కాలం. బండ్ల దగ్గర రాలిన పళ్లు తిననివ్వకండి, కిడ్నీలు పాడవుతాయి. పిల్లలు ప్రేమగా పెట్టబోయినా ఆపండి.

– హోలీ రోజు ఇంట్లోనే ఉంచండి. రంగులను అది నాకేస్తుంది పాపం.

– ఎండలో ఆపిన కారులో, అద్దం కొంచెం దించినా సరే, ఒక్క నిమిషం కూడా వదలకండి.