శిక్షణ పైలట్‌కు ల్యాండింగ్: సర్క్యూట్ నుంచి తొలి సోలో దాకా

చిన్న విమానం నడపడం నేర్చుకునేవారిలో చాలామందికి టేకాఫ్ తొందరగానే పట్టుబడుతుంది కానీ, ల్యాండింగ్ మాత్రం ఓ పట్టాన లొంగదు. చక్రాలు రన్‌వేను గట్టిగా తాకినప్పుడల్లా తప్పు ఆ చివరి క్షణాల్లోనే జరిగిందనుకుని, విద్యార్థి తన శ్రద్ధనంతా అక్కడే పెడతాడు. నిజానికి విమానం ఇంకా వెయ్యి అడుగుల ఎత్తున, రన్‌వేకు సమాంతరంగా ఎగురుతున్నప్పుడే ఆ ల్యాండింగ్ ఎలా ఉంటుందో చాలావరకు తేలిపోతుంది. ఇక్కడ చెప్పే వేగాలు సెస్నా 172ఎస్ విమానానికి సంబంధించినవి. మీరు నడిపేది వేరే విమానమైతే దాని హ్యాండ్‌బుక్‌లో ఉన్న అంకెలనే పాటించాలి.

ముందుగా ఒక చిన్న మాట. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ప్రమాణాల ప్రకారం ప్రైవేట్ పైలట్ లైసెన్సుకు 17 ఏళ్లు నిండాలి, రెండో తరగతి వైద్య ధ్రువపత్రం ఉండాలి, కనీసం 40 గంటలు ఎగిరి ఉండాలి. ఆమోదం పొందిన శిక్షణ అయితే 35 గంటలు చాలు. దేశాన్ని బట్టి నియమాలు కొంత మారవచ్చు. శిక్షణ రుసుము కట్టకముందే వైద్య పరీక్ష చేయించుకోవడం మంచిది, ఎందుకంటే అక్కడ ఆగిపోయేదేమైనా ఉంటే ముందే తెలియాలి.

సర్క్యూట్‌లలోకి, అంటే రన్‌వే చుట్టూ దీర్ఘచతురస్రంలా తిరిగొచ్చి దిగే సాధనలోకి, వెళ్లేముందు, తగినంత ఎత్తులో రెండు విషయాలు ఒంటపట్టాలి. మొదటిది ట్రిమ్, అంటే చేతి బలం పెట్టకుండానే విమానం కోరిన వేగంలో నిలిచేలా చేసే సర్దుబాటు. యోక్‌ను (విమానాన్ని నడిపే చేతిపిడిని) రెండు వేళ్లతో పట్టుకున్నా విమానం అదే వేగంతో సాగుతుంటే ట్రిమ్ సరిగా ఉన్నట్టు; పిడికిలి బిగించి పట్టుకోవాల్సి వస్తుంటే, మీరు విమానాన్ని నడపడం లేదు, దానితో పెనుగులాడుతున్నారు. రెండోది స్టాల్. గాలికీ రెక్కకూ మధ్య కోణం ఒక హద్దు దాటినప్పుడు రెక్క స్టాల్ అవుతుంది, అంటే విమానాన్ని మోసే శక్తి పడిపోతుంది; అది ఏ వేగంలోనైనా జరగవచ్చు. యోక్‌ను ముందుకు వదిలి ఆ కోణాన్ని తగ్గించడమే దానికి విరుగుడు. నేల దగ్గర చేతికి తోచేది ఇందుకు సరిగ్గా వ్యతిరేకం కాబట్టి, ఆలోచించే పని లేకుండా చేయి ముందుకు వెళ్లేంతవరకు దీన్ని పైన సాధన చేయాలి.

ఇక సర్క్యూట్. డౌన్‌విండ్‌లో, అంటే రన్‌వేకు సమాంతరంగా దిగే దిశకు వ్యతిరేకంగా సాగే భాగంలో, ఎత్తు, వేగం, రన్‌వే నుంచి దూరం, ఈ మూడూ ప్రతిసారీ ఒకేలా ఉండాలి. ఎడమవైపు సర్క్యూట్‌లో రన్‌వే మీ రెక్క కింది ఊతకమ్మీకి దాదాపు సగం దగ్గర కనిపిస్తే దూరం సరిపోయినట్టే. దిగాల్సిన చోటు సరిగ్గా మీ పక్కకు వచ్చాక ఇంజన్‌ను సుమారు 1500 ఆర్‌పీఎంకు (నిమిషానికి చుట్లు) తగ్గించి, వేగం 110 నాట్ల (గంటకు నాటికల్ మైళ్ల) కంటే దిగువకు వచ్చాక 10 డిగ్రీల ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున ఉండే పలకలు) దించి, మళ్లీ ట్రిమ్ చేయాలి. రన్‌వే మొదలు మీ భుజం వెనక 45 డిగ్రీల కోణంలోకి వచ్చినప్పుడు బేస్‌కు (రన్‌వేకు అడ్డంగా వెళ్లే భాగానికి) తిరగాలి. ఎదురుగాలి బలంగా ఉన్న రోజు కాస్త ముందే తిరగాలి, లేకపోతే ఫైనల్‌లో (రన్‌వేకు సూటిగా దిగే చివరి భాగంలో) రన్‌వే చాలా దూరమైపోతుంది.

బేస్ నుంచి ఫైనల్‌కు తిరిగే మలుపు గురించి ఎంత చెప్పినా ఎక్కువ కాదు. ఆలస్యంగా తిరిగితే విమానం రన్‌వేకు సూటిగా ఉండే ఊహాగీతను దాటిపోతుంది. అప్పుడు రెక్కను ఇంకా వంచడానికి భయపడి, ముక్కును రన్‌వే వైపు లాక్కురావడానికి రడ్డర్‌ను (తోక మీది నిలువు పలకను కదిపే పెడల్‌ను) తొక్కాలనిపిస్తుంది. దాంతో ముక్కు కిందికి జారితే యోక్‌ను వెనక్కి లాగాలనిపిస్తుంది. తక్కువ వేగంలో ఈ రెండూ కలిస్తే ఒక రెక్క ముందు స్టాలై విమానం స్పిన్‌లోకి, అంటే గిరగిరా తిరుగుతూ పడడంలోకి, జారుతుంది, అక్కడినుంచి బయటపడేందుకు కావలసిన ఎత్తు ఆ చోట ఉండదు. రెక్కను ఎక్కువగా వంచి ఎత్తు నిలుపుకోవాలని చూసినా ప్రమాదమే: ఎత్తు తగ్గకుండా 60 డిగ్రీల వంపుతో తిరిగితే స్టాల్ వేగం 41 శాతం పెరుగుతుంది. కాబట్టి వంపు 30 డిగ్రీలు మించకుండా, విమానం పక్కకు జారుతోందో లేదో చూపే పరికరంలోని బంతి మధ్యలో ఉండేలా తిరగండి. గీత దాటిపోతే దాటిపోనివ్వండి, గో-అరౌండ్ చేసి, అంటే దిగడం మానుకుని మళ్లీ పైకెక్కి, ఇంకోసారి రండి.

ఫైనల్‌లో వేగం 65 నాట్ల దగ్గర నిలపాలి. రన్‌వే మీద ఒక గురిబిందువును ఎంచుకుని, అది విండ్‌స్క్రీన్‌లో ఎటు కదులుతోందో చూడండి. కదలకుండా ఉంటే మీరు సరిగ్గా అక్కడికే వెళ్తున్నారు. పైకి జరుగుతుంటే ముందే నేలకు చేరతారు, కిందికి జరుగుతుంటే దాన్ని దాటిపోతారు. ముక్కు ఎత్తుతో వేగాన్ని, థ్రాటిల్‌తో (ఇంజన్ శక్తిని మార్చే పిడితో) దిగే తీరును సరిచేయమని నేను చెబుతాను. దీన్ని తిరగేసి నేర్పే ఇన్‌స్ట్రక్టర్లూ ఉన్నారు. ఒకరి దగ్గర నేర్చుకుంటున్నంతకాలం వారి పద్ధతినే పట్టుకోవడం మేలు. రన్‌వే పక్కన పాపీ దీపాలు (దిగే కోణం సరిగా ఉందో లేదో రంగులతో చూపేవి) ఉంటే రెండు తెలుపు, రెండు ఎరుపు కనిపించాలి. 300 అడుగులకు వచ్చేసరికి వేగం, గీత, ఎత్తు మూడూ కుదరకపోతే దిగే ప్రయత్నం మానుకోవాలి.

రన్‌వే మొదలు దాటాక థ్రాటిల్‌ను పూర్తిగా తగ్గించి, చూపును గురిబిందువు నుంచి రన్‌వే చివరికి మార్చండి. ముక్కు ముందరి నేలనే చూస్తుంటే ఎత్తు అంచనాకు అందదు. పది పదిహేను అడుగుల ఎత్తులో దిగడాన్ని మెల్లగా ఆపి, వేగం తగ్గుతున్నకొద్దీ యోక్‌ను కొద్దికొద్దిగా వెనక్కి తెస్తూ, విమానాన్ని దిగనివ్వకుండా పట్టి ఉంచాలి. చివరికి అదే ప్రధాన చక్రాల మీద వాలుతుంది. వేగం ఎక్కువగా ఉంటే నేల ప్రభావం (నేలకు దగ్గరగా ఉన్నప్పుడు రెక్కకు దొరికే అదనపు ఆధారం) వల్ల విమానం రన్‌వే మీదుగా తేలుతూ పోతుంది, దాన్ని బలవంతంగా నేలకు నొక్కకూడదు. విమానం నేలను తాకి ఎగిరిపడినప్పుడు ముక్కును కిందికి తోస్తే ముందు చక్రం మొదట తగులుతుంది, ఆ తర్వాతి ఎగురు ఇంకా పెద్దదవుతుంది, ప్రొపెల్లర్ నేలకు తగిలేదాకా వెళ్తుంది. పెద్దగా ఎగిరిపడితే వెంటనే గో-అరౌండ్ చేయాలి.

గో-అరౌండ్‌ను విడిగా, పదేపదే సాధన చేయండి. థ్రాటిల్ పూర్తిగా ముందుకు, కుడి రడ్డర్, ఫ్లాప్స్ 20 డిగ్రీలకు, వేగం 60 నాట్లు. ఎక్కుతున్నామని తేలాక 10 డిగ్రీలకు, అడ్డంకులు దాటి 65 నాట్లు మించాక పూర్తిగా పైకి. దిగడానికి ట్రిమ్ చేసి ఉంటుంది కాబట్టి, పవర్ పెట్టగానే ముక్కు ఒక్కసారిగా పైకి లేస్తుంది. యోక్‌ను గట్టిగా ముందుకు నెట్టి పట్టుకోవాలి. రేడియోలో చెప్పడం వీటన్నిటి తర్వాతే.

తొలి సోలో (మీరొక్కరే ఎగిరే) రోజున పక్క సీటు ఖాళీగా ఉండడంతో విమానం తేలికై, మీరు అలవాటుపడిన దానికంటే త్వరగా ఎక్కుతుంది. వెయ్యి అడుగులు క్రాస్‌విండ్‌లోనే (టేకాఫ్ తర్వాత మొదటి మలుపు తిరిగాక వచ్చే భాగంలోనే) వచ్చేయవచ్చు, కాబట్టి పవర్ తగ్గించడానికి ముందే సిద్ధంగా ఉండండి. దిగేటప్పుడు కూడా కొంచెం ఎక్కువ దూరం తేలుతుంది. వేగాలు మాత్రం నేర్చుకున్నవే పాటించండి, చెక్‌లిస్టును పైకి చదవండి. ఫైనల్ కుదరలేదనిపిస్తే ఇన్‌స్ట్రక్టర్ పక్కన ఉన్నప్పుడు చేసినట్టే గో-అరౌండ్ చేసి, ఇంకో సర్క్యూట్ తిరిగి రండి. ట్యాంకుల్లో అందుకు తగిన ఇంధనం ఉందో లేదో బయల్దేరేముందే చూసుకోవాలి.